పల్లెవాసము - పూలబీళ్లు

పట్టణములు విడిచి హుస్నాబాదు ప్రాంతమున నివాస మేర్పఱచుకొనువారికి మాదొక మనవి. ఇచ్చటి ప్రకృతిశోభ ఎల్లమ్మ చెఱువు నీటియందును, బీళ్లలోని తంగేటియందును, చేనిగట్లపై గునుగుపూలయందును గలదు. 2014లో తెలంగాణ రాష్ట్రపుష్పమైన తంగేడు విత్తకయే మొలచును, నీరు పోయకయే పూచును. భాద్రపద అమావాస్య మొదలు ఆడుబిడ్డ లీ పూలతోనే బతుకమ్మను పేర్చి చెఱువున విడుతురు. అట్లుండ, క్రొత్తగా భూమి కొన్నవారు కొందఱు తొలుత చేయు పని పొదలు నఱికి కంచె వేయుట! కన్నులపండువు కోరి వచ్చి పండుగపూలనే పెఱికివేయుట యేమి వివేకము? ఒక గుంట నేలనైనను బీడుగా నుంచుఁడు. పూచిననాడు ఊరివారిని కోసికొననిండు. ఒంటిగా చూచిన పూవుకంటె పదుగురితో పంచుకొన్న పూవే మనస్సున నిలుచునని మా విశ్వాసము.