వార్త చేరుట వేరు, వార్త పనికివచ్చుట వేరు

పంట పండించుటకు భూమి, నీరు, విత్తనము, ఎరువు, పెట్టుబడి కావలెనని రైతు సోదరులకు ఒకరు చెప్పనక్కరలేదు. వీటితోపాటు మరియొకటి కూడ కావలెను. అది సమాచారము. ఎల్లుండి వాన పడునా? వరి ఆకుపై కనబడుచున్న తుప్పు రంగు మచ్చలు తెగులు వలన వచ్చినవా, జింకు లోపము వలన వచ్చినవా? నేడు ఏ మార్కెట్టులో ధర యెంత పలుకుచున్నది? ఇట్టి ప్రశ్నలకు సకాలములో సరియైన జవాబు దొరకిన రైతు ఒక పిచికారీ ఖర్చును, ఒక బస్తా ఎరువును, ఒక్కొక్కప్పుడు పంటనంతటిని దక్కించుకొనును. దొరకని రైతు జింకు లోపమునకు తెగులు మందు చల్లి, డబ్బును, పంటను కూడ పోగొట్టుకొనును.

పూర్వము ఊరికి వార్త దండోరా వలన, సంతకు పోయివచ్చిన వారి వలన తెలిసెడిది. తరువాత రేడియో వచ్చినది. నేడు కంప్యూటరు, ఇంటర్నెట్టు, ఉపగ్రహము, చేతిలోని మొబైల్ ఫోను ఈ పనిని చేయుచున్నవి. సమాచారమును సేకరించి, నిలువచేసి, కావలసినదానిని వేరుచేసి, దూరమునకు క్షణములో అందించు ఈ సాధనములన్నిటిని కలిపి సమాచార సాంకేతికత అందురు. వెనుకబడిన దేశముల అభివృద్ధికి ఇది తోడ్పడునని 1990 తరువాత ఎన్నో ప్రయత్నములు జరిగినవి. వానిలో కొన్ని ఫలించినవి, కొన్ని ఫలింపలేదు. సాధనము ఇంచుమించు ఒకటే అయినను ఫలితము ఏల వేరైనదో తెలిసికొనిన యెడల, మన చేతిలోని ఫోనును ఎట్లు వాడుకొనవలెనో మనకే తెలియును. మన దేశములోనే జరిగిన కొన్ని ప్రయత్నములను ఇచట పరిశీలింతము.

కేరళ తీరమున ఏమి జరిగినది?

కేరళ ఉత్తర తీరమున చేపలు పట్టువారు వేకువజామున సముద్రము మీదికి పోయి, తెచ్చిన సరుకును తమ ఊరి ఒడ్డుననే అమ్ముకొనెడివారు. ప్రక్క ఊరి ఒడ్డున ధర యెంత ఉన్నదో పడవలోని వారికి తెలియు మార్గము లేదు. చేప నిలువ యుండు సరుకు కాదు. ఒకనాడు ఒక ఒడ్డున కొనువారు లేక సరుకును పారవేయుచుండగా, కొద్ది దూరములోని మరియొక ఒడ్డున కొనువారు చేపలు దొరకక వట్టి చేతులతో మరలెడివారు. 1997 జనవరి 14వ తేదీన వడకర వద్ద 11 పడవల వారికి కొనువారు దొరకలేదు. అదే ఉదయము అచటికి 15 కిలోమీటర్ల లోపల 27 మంది వర్తకులు సరుకు దొరకక నిలిచియుండిరి.

1997 మొదలుకొని కోజికోడ్, కన్నూరు, కాసరగోడు జిల్లాలలో ఒకదాని తరువాత ఒకటిగా మొబైల్ ఫోను సౌకర్యము వచ్చినది. తీరమునకు దగ్గరగా నిలిపిన స్తంభముల వలన కొంత దూరము సముద్రము మీద కూడ ఫోను పలికెడిది. పడవలోని వారు ఒడ్డునకు రాకముందే రెండు మూడు చోట్ల ధర కనుగొని, ఎక్కువ ధర ఉన్న వైపునకు పడవను త్రిప్పుకొనిరి. రాబర్ట్ జెన్సెన్ అను ఆర్థికశాస్త్రవేత్త దీనిని ఐదేండ్లు పరిశీలించి 2007లో ఫలితములు ప్రకటించెను. అంతకుముందు నూటికి 5 నుండి 8 వంతుల సరుకు వ్యర్థమగుచుండగా, ఆ నష్టము ఇంచుమించు పూర్తిగా పోయినది. చేపలు పట్టువారి లాభము నూటికి 8 వంతులు పెరిగినది. కొని తినువారికి ధర నూటికి 4 వంతులు తగ్గినది. అమ్మువానికిని, కొనువానికిని కూడ మేలు కలిగినది. పారవేయు సరుకు పళ్ళెములోనికి చేరుటయే దీనికి కారణము.

మహారాష్ట్రలో ఏల ఫలింపలేదు?

ఫోనుపై ధర తెలిసినచో చాలునని దీనినిబట్టి అనుకొనరాదు. మహారాష్ట్రలో 100 గ్రామములలో మార్సెల్ ఫాఫ్‌షాంప్, బార్ట్ మింటెన్ అను వారు మరియొక పరిశీలన చేసి 2012లో ప్రకటించిరి. కొన్ని గ్రామముల రైతులకు మార్కెట్టు ధరలు, వాతావరణము, సాగు సలహాలు ఫోను సందేశములుగా ఏడాదిపాటు పంపబడినవి. మిగిలిన గ్రామములకు పంపబడలేదు. తీరా చూడగా, రైతునకు దక్కిన ధరలో సగటున చెప్పుకోదగిన భేదము కనబడలేదు.

రెండు చోట్ల రైతు స్థితిని పోల్చి చూడవలెను. పడవ వానికి ధర తెలిసిన సమయమునకు సరుకు ఇంకను తన చేతిలోనే యున్నది. పడవ తనది. చేరదగిన ఒడ్డులు నాలుగైదు ఉన్నవి. పొలములోని రైతు స్థితి అన్ని వేళల అట్లుండదు. దగ్గరలో ఒకే మార్కెట్టు ఉన్నప్పుడు రెండవ మార్కెట్టు ధర తెలిసి ప్రయోజనమేమి? పెట్టుబడికి అప్పు ఇచ్చిన వర్తకునకే పంటను తోలవలసి యున్నచో, ధర తెలియుట వలన మనోవ్యధ తప్ప లాభము లేదు.

మధ్యప్రదేశ్‌లో జరిగినది ఈ విషయమును ఇంకను స్పష్టపరచును. అచట 2000 సంవత్సరము నుండి ఐ.టి.సి. కంపెనీ సోయాచిక్కుడు పండించు గ్రామములలో ఈ-చౌపాల్ అను పేర కంప్యూటరు కేంద్రములను నెలకొల్పినది. ధర తెలుపుటతో ఆగక, రైతు ఇష్టపడినచో సరుకును తన కేంద్రములలో నేరుగా కొనుటకు ఏర్పాటు చేసినది. అనగా రైతునకు మరియొక అమ్మకపు ద్వారము తెరువబడినది. దాని ఫలితముగా ఆ ప్రాంతపు మార్కెట్టు యార్డులలో కూడ సోయాచిక్కుడు ధర నూటికి 1 నుండి 3 వంతుల వరకు పెరిగినట్లు అపరాజితా గోయల్ అను ఆర్థికశాస్త్రవేత్త 2010లో చూపిరి. కంపెనీకి అమ్మక యార్డులోనే అమ్మిన రైతునకు కూడ ఈ మేలు కొంత అందినది. రైతు వేరొకచోటికి పోగలడని తెలిసిన వర్తకుడు ధరను మరీ దింపడు.

కావున మొదటి సూత్రము: సమాచారమునకు విలువ, దానినిబట్టి పని చేయుటకు వీలున్నప్పుడే కలుగును.

మన ప్రత్తి పొలములలో ఈ-సాగు

రెండవ సూత్రమునకు దూరము పోనక్కరలేదు. 2004లో హైదరాబాదులోని ట్రిపుల్ ఐటీ సంస్థ, ఆచార్య పి. కృష్ణారెడ్డిగారి ఆధ్వర్యమున, ఈ-సాగు అను పథకమును ప్రారంభించినది. అప్పటి వరంగల్లు జిల్లాలోని మూడు గ్రామములలో 1,051 ప్రత్తి పొలములు ఇందులో చేరినవి. ఊరిలోనే చదువుకొన్న అనుభవజ్ఞుడైన రైతు ఒకడు సంధానకర్తగా ఉండి, నియమిత దినములలో పొలము పొలమునకు పోయి పంట ఫోటోలు తీసి, వివరములు వ్రాసికొనెడివాడు. పల్లె నుండి అన్ని ఫోటోలు పంపుటకు అప్పటి ఇంటర్నెట్టు చాలదు. కావున వానిని సీడీలకు ఎక్కించి కొరియరు ద్వారా హైదరాబాదుకు పంపెడివారు. అచట వ్యవసాయ నిపుణులు ఒక్కొక్క పొలమునకు వేరువేరుగా సలహా వ్రాసి, ఒకటి రెండు దినములలో ఇంటర్నెట్టు ద్వారా ఊరికి చేర్చెడివారు. సంధానకర్త ఆ కాగితమును రైతునకు ఇచ్చి, వివరించి చెప్పెడివాడు.

ఇందులో గమనింపవలసినది యంత్రము గొప్పతనము కాదు. సలహా ‘ప్రత్తి రైతులందరికి’ అని గాక, ‘ఈ పొలమునకు, ఈ వారమునకు’ అని వచ్చినది. రైతు అడుగక ముందే పొలమును ఒకరు చూచిరి. తీసికొని వచ్చినవాడు ఊరివాడు. సలహా చెప్పినవానికి మందు అమ్ముకొను ఆవశ్యకత లేదు. ప్రత్తిలో పిచికారీ అప్పుల వలన ఎన్ని కుటుంబములు చితికిపోయినవో ఎరిగిన మనకు, ఈ చివరి మాట విలువ తెలియును.

రెండవ సూత్రము: సలహా తన పొలమునకు సరిపోవలెను, నమ్మదగిన నోటినుండి రావలెను.

ఒక మైకు కాపాడిన ఊరు

పుదుచ్చేరి ప్రాంతమున ఎం.ఎస్. స్వామినాథన్ పరిశోధన సంస్థ 1998 నుండి గ్రామ విజ్ఞాన కేంద్రములను నడపినది. వాటి ముఖ్య కేంద్రము విల్లియనూరు. అచట నుండి వివరములు తమిళములో గ్రామములకు పోయెడివి. కేంద్రములను ఊరివారే, ముఖ్యముగా స్త్రీలు, నడపిరి. వీరాంపట్టణమను సముద్రతీర గ్రామమున అలల ఎత్తును గూర్చిన సూచనను ఇంటర్నెట్టులో చూచి, మైకులో చదివి వినిపించెడివారు. చదువురానివారు కూడ వల బాగుచేసికొనుచునే వినిరి.

2004 డిసెంబరు 26న సునామీ వచ్చినప్పుడు నల్లవాడు అను గ్రామమునకు సింగపూరులోనున్న ఊరివాడొకడు ఫోను చేసి హెచ్చరించెను. ఊరివారు వెంటనే కేంద్రపు మైకులో ఆ వార్త చాటిరి. జనులు తీరమును విడిచి పరుగెత్తిరి. ఇండ్లు, పడవలు పోయినవి గాని వేలమంది ప్రాణములు దక్కినవి. వార్త తెచ్చినది ఫోను, దానిని ప్రతి చెవికి చేర్చినది మైకు. ఆ మైకును అనుదినము వాడుట వలననే ఆపదనాడు అది పలికినది, జనులు దానిని నమ్మిరి.

మూడవ సూత్రము: వార్త ఫోను ఉన్నవానితో ఆగక, కావలసిన ప్రతివానికి, వానికి తెలిసిన భాషలో చేరవలెను.

ఈ మూడవ సూత్రము మన గ్రామములలో ఎంతో ముఖ్యము. సలహా పంపు జాబితా పట్టాదారుల పేర్లనుండి తయారైనచో, సందేశము పట్టణములోనున్న భూయజమాని ఫోనునకు పోవును. పొలములోనున్న కౌలు రైతునకు అందదు. ఫోను ఇంటి యజమాని జేబులో నుండును, కలుపు తీయుచు పురుగును ముందుగా చూచునది ఇల్లాలు. దున్నువానికి, నాటుదానికి అందని సలహా పొలమునకు అందనట్లే.

రైతులు ఆచరింపవలసిన పద్ధతులు

1. ప్రశ్నను పూర్తిగా అడుగుడు. కిసాన్ కాల్ సెంటరునకు 1800-180-1551 నంబరుపై ఖర్చు లేకుండ ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చును. పంట పేరు, రకము, వయస్సు, నేల, చివరి తడి, వేసిన ఎరువు, చల్లిన మందు ముందే వ్రాసికొని ఫోను చేయుడు. ‘ఆకులు ఎండుచున్నవి’ అన్నంత మాత్రమున ఎంతటి నిపుణుడైనను జబ్బును గుర్తింపలేడు.

2. ఫోటో పంపునప్పుడు పొలము మొత్తము, ఒక మొక్క మొత్తము, ఆకు పైభాగము, ఆకు అడుగుభాగము వేరువేరుగా తీయుడు. ప్రక్కన ఒక రూపాయి బిళ్ళ ఉంచినచో మచ్చ పరిమాణము తెలియును.

3. ప్రతి సందేశమును మూడు ప్రశ్నలతో పరీక్షింపుడు. చెప్పినది ఎవరు? ఏ జిల్లాకు? ఏ తేదీకి? ఈ మూడును లేని సందేశము ఎందరు పంపినను దానిని నమ్మి మందు కొనకుడు. అమ్మువాడు చెప్పిన మందును వ్యవసాయాధికారితోనో, కృషి విజ్ఞాన కేంద్రముతోనో సరిచూచుకొనుడు.

4. వాతావరణ సూచనను పనితో జతపరచుకొనుడు. 2019లో వచ్చిన మేఘదూత్ యాప్‌లో సూచనలు తెలుగులో దొరకును. భారీ వర్షము పడునని తెలిసినచో యూరియా పైపాటును, పిచికారీని వాయిదా వేయుడు.

5. ఫోను మీ కంటికి బదులు కాదు. ప్రత్తిలో గులాబీ రంగు పురుగు వచ్చుచున్నదని సందేశము వచ్చినంతనే మందు కొట్టనక్కరలేదు. లింగాకర్షక బుట్టలలో వరుసగా మూడు రాత్రులు బుట్టకు 8 చొప్పున రెక్కల పురుగులు పడినను, లేక నూటికి 10 పూలు గాని కాయలు గాని దెబ్బతిన్నను, అప్పుడే చర్య తీసికొనుడు. సందేశము హెచ్చరిక మాత్రమే. తీర్పు మీ లెక్క చెప్పవలెను.

6. ధర చూచినప్పుడు చేతికి వచ్చు సొమ్మును లెక్కింపుడు. ఉదాహరణకు 20 క్వింటాళ్ళ మొక్కజొన్నకు దూరపు మార్కెట్టులో క్వింటాలుకు 80 రూపాయలు ఎక్కువనుకొందము. అదనముగా వచ్చునది 1,600 రూపాయలు. అదనపు బండి బాడుగ 1,000, హమాలీ 200, ఒక దినపు కూలి 500 అయినచో ఖర్చు 1,700 రూపాయలు. 100 రూపాయలు నష్టము. నలుగురు కలిసి ఒకే బండిపై తోలినచో ఇదే ధర లాభమగును.

7. ప్రభుత్వ పథకముల పేర ఫోను చేసి ఓటీపీ అడిగినవారికి చెప్పకుడు. సలహా ఇచ్చువానికి మీ బ్యాంకు రహస్య సంఖ్యతో పని లేదు.

8. సాగుచేయువాని నంబరునే నమోదు చేయింపుడు. కౌలు రైతులు తమ నంబరును వ్యవసాయాధికారి వద్ద వ్రాయింపవలెను. పంచాయతీ మైకునుండి వారమునకు రెండుమార్లు సలహాను చదివించు ఏర్పాటు ఖర్చులేనిది. మహిళా సంఘముల సమావేశములలో కూడ దీనిని చదువవచ్చును.

ఫోను కొన్నంతనే రైతు బాగుపడడు. గోదాము, రోడ్డు, సకాలములో తక్కువ వడ్డీ అప్పు, రెండవ కొనుగోలుదారు లేనిచోట వార్త ఒక్కటే ఆ పనులన్నిటిని చేయజాలదు. వీటిని సమకూర్చు బాధ్యత ప్రభుత్వముది, సహకార సంఘములది. అవి ఉన్నచోట మాత్రము సకాలములో వచ్చిన ఒక్క మాట సాగు ఖర్చును తగ్గించి, పంటను నిలుపును. కావున సందేశము వచ్చినప్పుడెల్ల రైతు తన్ను తాను ఒక ప్రశ్న వేసికొనవలెను: ‘దీనినిబట్టి రేపు ఉదయము నా పొలములో నేను చేయదగిన పని ఏది?’ జవాబు దొరకినచో ఆ పని చేయుడు. దొరకనిచో మరల ఫోను చేసి అడుగుడు.