సెలవులొచ్చాయి, ఎవరింటికి పోవాలి?



ప్రతి ఏటా ఈ సంచికలో ఎంతమంది పిల్లలకు ఫీజులు కట్టామో, ఎన్ని జతల బట్టలు, ఎన్ని నోటు పుస్తకాలు ఇచ్చామో లెక్క రాస్తుంటాం. ఈసారి ఆ లెక్కల్లోకి ఎక్కని ఒక సంగతి దాతల ముందు పెట్టాలనుకున్నాం. తల్లిదండ్రులు విడిపోయిన పిల్లలు సెలవులు ఎలా గడుపుతారన్నది ఆ సంగతి. పిల్లవాణ్ని ఎవరూ గుర్తుపట్టకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాం.

దసరా సెలవులకు హాస్టళ్లు ఖాళీ అయ్యే రోజు అది. వనపర్తిలో ఒక హాస్టల్ గేటు దగ్గర పొద్దున్నుంచే తల్లిదండ్రులు బారులు తీరారు. పెట్టెలు ఆటోల్లోకి ఎక్కుతున్నాయి. ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒకడు, పదమూడేళ్లవాడు, తన పెట్టె మీద కూర్చుని ఉన్నాడు. తండ్రి గద్వాలలో మెకానిక్. తల్లి నాగర్‌కర్నూల్‌లో పుట్టింట్లో ఉండి బట్టలు కుడుతుంది. వాళ్లకు తలాఖ్ అయి రెండేళ్లు. సాయంత్రమైనా ఎవరూ రాలేదు. తల్లి వస్తుందిలే అని తండ్రి, తండ్రి వస్తాడులే అని తల్లి అనుకున్నారు. అంతకుముందు సెలవుల్లో అదే గేటు దగ్గర ఇద్దరికీ మాటా మాటా పెరిగింది. అందుకే ఎదురుపడకూడదని ఇద్దరూ ఆగిపోయారు.

పిల్లవాడు ఏడవలేదు. "సార్, నేను హాస్టల్లనే ఉంట. ఈడ మంచిగనే ఉంది" అన్నాడు. అప్పటికే వంట మనిషి కూడా ఊరికి వెళ్లిపోయాడు. ఇద్దరికీ ఫోన్ చేసి చెప్పి, ఆ రాత్రికి మాలో ఒకరు వాణ్ని ఇంటికి తీసుకుపోయారు. మర్నాడు మేమే వెంట ఉండి నాగర్‌కర్నూల్ బస్సు ఎక్కించుకుని తీసుకెళ్లాం.

ఆ బస్సులో వాడు నోరు విప్పాడు. గద్వాల పోతే దాదీ అడుగుతుందట, "మీ అమ్మీ మల్ల పెళ్లి చేసుకుంటదా?" అని. నాగర్‌కర్నూల్ పోతే మామూ అడుగుతాడట, "మీ అబ్బా ఖర్చుకు పైసలు పంపిండా?" అని. "గద్వాలకు పోయేటప్పుడు బీచుపల్లి వంతెన దాటంగనే అమ్మీ మాట బంద్ చేస్త సార్. ఇటు దాటినంక అబ్బా మాట బంద్" అన్నాడు. కృష్ణకు ఈవల ఒక పిల్లవాడు, ఆవల ఇంకొక పిల్లవాడు అన్నట్టు బతుకుతున్నాడు.

ఈ వయసుకే ఎందుకింత కష్టం?

ఐదేళ్ల బిడ్డ "అబ్బా ఎప్పుడొస్తడు?" అని అడిగేస్తుంది. పదమూడేళ్లవాడు అడగడు. లెక్కలు వేసుకుంటాడు. తనకు పన్నెండు దాటాయి కాబట్టి ఆర్టీసీలో హాఫ్ టికెట్ లేదని వాడికి తెలుసు. 2023 డిసెంబర్ 9 నుంచి మహాలక్ష్మి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్లకు చార్జీ లేకపోయినా, తనను తీసుకుపోవడానికి వస్తే అమ్మీకి ఒక రోజు కుట్టుపని పోతుందనీ తెలుసు. అబ్బా వస్తే షెడ్డు మూయాలనీ తెలుసు. ఇవన్నీ కూడుకుని, తన వల్లే ఇద్దరికీ ఇబ్బంది అనుకుంటాడు.

ఇది మన ఊళ్లలోనే ఉన్న బాధ కాదు. అమెరికాలోని కాలిఫోర్నియాలో 1971లో జూడిత్ వాలర్‌స్టెయిన్, జోన్ కెల్లీ అనే ఇద్దరు పరిశోధకులు విడిపోయిన 60 కుటుంబాల్లోని 131 మంది పిల్లలను గమనించడం మొదలుపెట్టారు. చిన్నపిల్లలు తామేదో తప్పు చేశామని భయపడ్డారు. తొమ్మిది, పదేళ్లు దాటినవాళ్లలో కోపం ఎక్కువ కనిపించింది. కొందరు తల్లి పక్షమో తండ్రి పక్షమో పట్టారు. ముప్పై ఏళ్లుగా తరగతి గదిలో మేము చూస్తున్నదీ అదే. చదువులో వెనకబడటం, చిన్న మాటకు కొట్లాటకు దిగడం, సెలవుల ముందు కడుపునొప్పి అనడం, ఇవన్నీ ఆ పిల్లలు బయటికి చెప్పలేని మాటలే.

ధర్మం, చట్టం ఏం చెబుతాయి?

హనఫీ సంప్రదాయంలో మగపిల్లవాడు ఏడేళ్ల దాకా, ఆడపిల్ల యుక్తవయసు దాకా తల్లి పెంపకంలో ఉంటారు. ఖర్చు తండ్రిది. బిడ్డ ఎవరి దగ్గర ఉన్నా రెండోవారితో బంధం తెగదు. బిడ్డ కారణంగా తల్లినీ బాధపెట్టకూడదు, తండ్రినీ బాధపెట్టకూడదు అన్న ఆదేశం అల్ బఖరా సూరా 233వ ఆయత్‌లో ఉంది. అది పాలు తాగే పసిబిడ్డ సందర్భంలో వచ్చిన మాటే అయినా, పదమూడేళ్ల బిడ్డ విషయంలోనూ మనం గుర్తుపెట్టుకోవలసిందేనని మా నమ్మకం.

దేశ చట్టం చూస్తే, 1890 నాటి గార్డియన్స్ అండ్ వార్డ్స్ చట్టం ప్రకారం కోర్టు బిడ్డ క్షేమాన్ని చూస్తుంది. తెలిసి చెప్పగల వయసు వస్తే బిడ్డ ఇష్టాన్ని కూడా లెక్కలోకి తీసుకోవచ్చు. విడాకులైనా పిల్లల పోషణ బాధ్యత ముస్లిం తండ్రికి తప్పదని 1997లో నూర్ సబా ఖాతూన్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. 2020లో యషితా సాహూ కేసులో ఇంకో మాట చెప్పింది. బిడ్డ అటూ ఇటూ విసిరే వస్తువు కాదని, దూరంగా ఉన్న తల్లికో తండ్రికో సెలవుల్లో బిడ్డతో గడిపే వీలు, రోజూ కాసేపు ఫోన్‌లోనో వీడియోలోనో మాట్లాడే వీలు ఉండాలని ఆ తీర్పు సారాంశం. కోర్టు దాకా పోవలసి వస్తే, 1987 నాటి చట్టం కింద ఆడవాళ్లకు, పిల్లలకు న్యాయ సేవాధికార సంస్థ ఉచితంగా వకీలును ఇస్తుంది. ఈ సంగతి తెలియక అప్పు చేసి వకీలును పెట్టుకున్న తల్లులను చూశాం.

అయితే చాలా ఇళ్లలో కోర్టు అవసరం రాదు. మధ్యలో ఒక పెద్దమనిషి ఉంటే సరిపోతుంది. ఆ దసరా తర్వాత మేము కొన్ని పద్ధతులు పెట్టుకున్నాం.

సెలవులకు రెండు వారాల ముందే ఇద్దరికీ విడివిడిగా ఫోన్ చేస్తాం. ఏ తేదీ నుంచి ఏ తేదీ దాకా ఎక్కడ, ఎవరు వచ్చి తీసుకుపోతారు అన్నది కాగితం మీద రాస్తాం. తల్లికొకటి, తండ్రికొకటి, మూడోది పిల్లవాడికి. వాడి చేతిలో కాగితం ఉండటం ముఖ్యం.

అప్పగింత ఇంటి గడప దగ్గర పెట్టం. బస్టాండులో, మాలో ఒకరి ఎదుట జరుగుతుంది. అక్కడ మెహర్ మాట, ఇద్దత్ ఖర్చుల మాట, సామాన్ల మాట రాకూడదు. అవి పెద్దలు కూర్చుని వేరేగా తేల్చుకోవలసినవి. పిల్లవాడి చేత కబుర్లు పంపకూడదు, అక్కడేం జరుగుతోందని వాణ్ని ఆరా తీయకూడదు.

రెండు ఇళ్లలోనూ వాడికంటూ ఒక జత బట్టలు, ఒక దుప్పటి, కొన్ని పుస్తకాలు ఉండాలి. ప్రతిసారీ సంచి మోసుకుని చుట్టంలా పోకూడదు. రోజూ పది నిమిషాలు రెండోవారితో ఫోన్ మాట్లాడనివ్వాలి, పక్కన నిలబడి వినకుండా. ఈద్ నమాజ్ ఒక ఏడు గద్వాలలో అయితే మరుసటి ఏడు నాగర్‌కర్నూల్‌లో.

ఒక ఇంట్లో కొట్టడం, భయపెట్టడం ఉందని తెలిస్తే ఈ పద్ధతులేవీ వర్తించవు. అప్పుడు బిడ్డ ప్రాణభద్రతే ముందు. 1098 చైల్డ్ హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేయాలి.

ఇంతకీ ఆ పిల్లవాడు ఎలా ఉన్నాడని అడుగుతారు. వేసవి సెలవుల కాగితం మడిచి కంపాస్ బాక్సులో పెట్టుకున్నాడు. తండ్రి ఒకసారి రెండు రోజులు ఆలస్యం చేశాడు. ఆ రెండు రోజులు వాడు ఎవరితోనూ మాట్లాడలేదు. లెక్కల మార్కులు ఇంకా పెరగలేదు. కానీ ఈసారి సెలవులు ఎప్పటినుంచని తనే వచ్చి అడిగాడు. హాస్టల్లోనే ఉంటానని అనలేదు.

దాతలకు మా మనవి చిన్నదే. మీరిచ్చే జకాత్ ఎవరికి చెల్లుతుందో ఆలిమ్‌లను అడిగే ఖర్చు చేస్తున్నాం, ఇకముందూ అలాగే చేస్తాం. పిల్లల ప్రయాణాల చార్జీలు మామూలు చందాల నుంచి, సద్ఖా నుంచి పెడుతున్నాం. వాటికి కొంత కావాలి. డబ్బు కంటే ఎక్కువగా మనుషులు కావాలి. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ బస్టాండ్లలో సెలవులు మొదలయ్యే రోజు, ముగిసే రోజు ఒక్కొక్క పెద్దమనిషి రెండు గంటలు నిలబడితే చాలు. ఏడాదికి ఆరు రోజులు.

అంతకూ వీలుకాకపోతే ఒక్కటి చేయండి. మసీదు దగ్గరో, పెళ్లి దావత్‌లోనో అలాంటి బిడ్డ కనిపిస్తే "అమ్మీ దగ్గరున్నవా, అబ్బా దగ్గరున్నవా?" అని అడగకండి. "ఏం చదువుతున్నవ్ బేటా?" అని అడగండి. ఆ ప్రశ్నకు వాళ్లు తల ఎత్తి జవాబు చెబుతారు.