బస్తా వెంట చీటి



మీ యిండ్ల యువకులు కొందరు తెనాలి బియ్యపుమిల్లులలోను, బాపట్ల గిడ్డంగులలోను, రేపల్లె లారీ ఆఫీసులలోను ఎగుమతి గుమాస్తాలుగ చేరుచున్నారు. బస్తాల నెంచుట యొక పనియా యని తేలికగ దలంపరాదు. రైతు కష్టమును, గుమాస్తా పేరును ఆ లెక్కమీదనే నిలిచియున్నవి.

ఈ పని మన సీమకు క్రొత్తది కాదు. 1855లో కృష్ణానది కానకట్ట ముగిసిన పిదప కాలువలు పైరులకు నీటినే గాక పడవలకు త్రోవను గూడ నిచ్చినవి. కొమ్మమూరు కాలువలో సాగిన పడవ పెదగంజామువద్ద బకింగుహాము కాలువను గలిసి చెన్నపట్టణము దనుక పోగలిగెడిది. 1916లో రేపల్లెకు రైలు వచ్చినది. నేడు లారీ ప్రధానము. వాహనము మారినను సూత్రము మారలేదు: సరుకు చేయి మారిన ప్రతిచోటను ఎంచవలెను, తూచవలెను, వ్రాయవలెను.

తూకమెట్లు? నిండులారీని కాటాపై నిలిపి తూచి, సరుకు దింపినపిమ్మట వట్టిలారీని తూచి, ఆ రెంటి భేదమునుండి సంచుల బరువు తీసివేసినచో ధాన్యపు నికరపు తూకము తేలును. అంతటితో చాలదు, తేమను గూడ వ్రాయవలెను. ప్రభుత్వము కొను ధాన్యమున తేమ నూటికి 17 వంతులు మించరాదు. అట్టి ధాన్యము 100 కిలోలు గిడ్డంగిలో నారి, తేమ 14 వంతులకు దిగినచో, బరువు రమారమి 96న్నర కిలోలగును. తక్కిన మూడున్నర కిలోలను ఎవ్వరును దొంగిలింపలేదు, గాలి కొనిపోయినది. దింపుకొన్ననాడు తేమ వ్రాయకున్నచో ఆ నింద కావలివానిమీదనో, ముఠాకూలీమీదనో పడును. రైతువద్ద అన్యాయముగ తరుగు తీయువానికిని ఆ వ్రాతలేమియే అండ యగును.

నిల్వలో ముందు వచ్చిన సరుకు ముందు పోవలెను. గాదె యడుగున పాతధాన్యము నుంచి పైన క్రొత్తది పోసినచో నేమగునో మీరెరుగనిది కాదు. బస్తాలను నేలపై గాక చెక్కలపై, గోడకు ఎడముగ పేర్చవలెను.

రవాణా యొక గొలుసు వంటిది. వట్టి గోనెసంచులు వేళకు రాకున్న ధాన్యము కల్లమున నిలుచును. ధాన్యము కదలకున్న మిల్లు నిలుచును. మన సార్వా కోతలు తుపానుల కాలముననే పడును. 2023 డిసెంబరు 5వ తేదీన మిచాంగ్ తుపాను బాపట్ల చేరువను తీరము దాటినపుడు కల్లములలోని ధాన్యము తడిసినది. అట్టి వేళ ఒక్కదినపు టాలస్యము ఏడాది కష్టమును నీటిపాలు చేయగలదు. కావున నేర్పరియైన గుమాస్తా సరుకు చేరవలసిన దినమునుండి వెనుకకు లెక్కించును: లారీ యెన్నడు రావలెను, కూలీల కెన్నడు చెప్పవలెను, సంచుల కెన్నడు వ్రాయవలెను అని.

లారీ కదలుటకు ముందు చలానులో బస్తాల సంఖ్య, తూకము, లారీ నంబరు, బయలుదేరిన వేళ ఉండవలెను. దిగుమతి చేసికొన్నవాడు తాను ఎంచిన సంఖ్యను స్వయముగ వ్రాసి సంతకము చేయవలెను. తక్కువ వచ్చినచో డ్రైవరు ఎదుటనే వ్రాయవలెను. మరునాటి మాటకు విలువ యుండదు.

మీ కుర్రవాడు మొదటి జీతము తెచ్చిననాడు ఎంత తెచ్చితివని యడుగుట సహజమే. దానితోపాటు, ఎంచకుండ దేనిమీదనైన సంతకము పెట్టితివా యని గూడ నడుగుడు. మీ ధాన్యము మీరమ్మునపుడును తూకము, తేమ వ్రాసిన చీటి చేతికి వచ్చువరకు బండిని కదలనీయకుడు.