పిల్లల డ్రోను – పెద్దల పూచీ

మన శక్తినగర్‌లో తల ఎత్తితే ముందు కనిపించేవి థర్మల్ స్టేషన్ పొగగొట్టాలే. 1985లో మొదటి యూనిట్‌తో ప్రారంభమై, ఎనిమిది యూనిట్లతో 1,720 మెగావాట్ల సామర్థ్యానికి ఎదిగిన కేంద్రమిది. చుట్టూ హైటెన్షన్ తీగలు, పక్కనే కృష్ణమ్మ. ఇలాంటి ఊళ్లో పిల్లవాడి పుట్టినరోజుకు డ్రోను కొనిచ్చే తల్లిదండ్రులు ముందుగా కొన్ని సంగతులు తెలుసుకోవడం మంచిది.

మనకది ఆటవస్తువు. చట్టానికి మాత్రం అది మనిషి ఎక్కని విమానం. కేంద్ర ప్రభుత్వం 2021 ఆగస్టులో తెచ్చిన డ్రోన్ రూల్స్ వీటిని బరువును బట్టి విభజించాయి. 250 గ్రాముల వరకు నానో, ఆపైన 2 కిలోల వరకు మైక్రో. నానోకూ, సరదాకు ఎగరేసే మైక్రోకూ పైలట్ సర్టిఫికెట్ అక్కర్లేదు. కాని మైక్రోను ఆన్‌లైన్‌లో నమోదు చేయించి నంబరు తీసుకోవాలి.

బ్యాంకు ఉద్యోగిని కనుక నా దృష్టి బీమా మీద పడింది. మోటారు వాహనాలకు ఉన్నట్టే మైక్రోకూ థర్డ్ పార్టీ బీమా ఉండాలి. నానోకు మినహాయింపు ఉంది. అయితే మినహాయింపు బీమాకే గాని నష్టానికి కాదు. ఎదుటివారి కంటికి దెబ్బ తగిలితే ఆ ఖర్చు మన జేబులోంచే వెళ్తుంది. రూల్స్ ఉల్లంఘిస్తే లక్ష రూపాయల వరకు జరిమానా కూడా ఉంది.

ఎక్కడ ఎగరేయవచ్చో డిజిటల్ స్కై మ్యాప్ రంగుల్లో చూపుతుంది. ఆకుపచ్చ ప్రాంతంలో 400 అడుగుల ఎత్తు వరకు అనుమతి అక్కర్లేదు. పసుపు ప్రాంతంలో విమాన రాకపోకల అధికారుల అనుమతి, ఎరుపులో కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. మ్యాప్ ఏ రంగు చూపినా విద్యుత్ కేంద్రం దరిదాపుల్లో, తీగల దగ్గర ఎగరేసే ఆలోచన పెట్టుకోవద్దు.

చేయి తిరిగినవారికీ ప్రమాదం తప్పదు. 2015 డిసెంబరులో ఇటలీలో స్కీ పోటీ జరుగుతుండగా చిత్రీకరణ డ్రోను ఒకటి ఆస్ట్రియా క్రీడాకారుడు మార్సెల్ హిర్షర్ వెనుకనే కూలింది. వెంట్రుకవాసిలో బయటపడ్డాడు. మన జాతరల్లో, పెళ్లి ఊరేగింపుల్లో జనం నెత్తిమీద డ్రోను తిప్పడం ఎంత ప్రమాదమో ఆలోచించండి.

అందుకే ఖాళీ మైదానం చూసుకోండి. డ్రోను కంటికి ఆనినంత దూరమే పంపండి. ఈదురుగాలి ఉన్న రోజు మానేయండి. రెక్కలు పూర్తిగా ఆగేదాకా చేయి పెట్టనివ్వకండి. పొరుగువారి డాబాల మీదికి, స్నానఘట్టాల వైపు కెమెరా తిప్పవద్దని పిల్లలకు ముందే చెప్పండి.

విదేశాల్లోని బంధువులకూ ఒక మాట. 2022 ఫిబ్రవరిలో ప్రభుత్వం విదేశీ డ్రోన్ల దిగుమతిని కొద్ది మినహాయింపులతో నిషేధించింది. కాబట్టి కానుకగా పెట్టెలో పెట్టుకొచ్చే ముందు కస్టమ్స్ నిబంధనలు విచారించుకోండి.

సరదా మానమని నేననడం లేదు. రిమోట్ పిల్లవాడి చేతిలో ఉన్నంతసేపూ పెద్దవారొకరు పక్కన నిలబడాలని మాత్రమే నా మనవి.