వాము నీళ్లలో పోయే గంటలు

గుండెపోటంటే సినిమా మనకు నేర్పింది ఒకటే: ఛాతీ పట్టుకోవడం, కుప్పకూలడం. డెబ్బై ఐదు దాటినవాళ్లలో చాలామందికి అది అలా రాదు. ఆయాసం వస్తుంది. చెమటలు పోస్తాయి. కడుపులో తిప్పుతుంది, మనిషి అయోమయంలో పడతారు. ఏళ్ల తరబడి షుగరున్నవాళ్లకు నరాలు మొద్దుబారి నొప్పే తెలియకపోవచ్చు. పలమనేరులోనో పుంగనూరులోనో అవ్వ ఇలా కూలబడితే ఇంట్లో ముందు వచ్చే మాట "గ్యాస్ పట్టిందేమో" అనే. వాము నీళ్లు తాగిస్తారు, సోడా తెస్తారు. పెద్దకొడుకు రావాలి. తెల్లారితే చూద్దాం.

ఆ ఆలస్యానికి లెక్క ఉంది. దేశంలో 50 నగరాలు, 89 ఆసుపత్రులు, 20,937 మంది రోగులతో జరిగిన 'క్రియేట్' అధ్యయనం 2008లో లాన్సెట్‌లో వచ్చింది. గుండె రక్తనాళం పూర్తిగా మూసుకుపోయే రకం పోటు వచ్చినవాళ్లలో సగం మంది ఆసుపత్రి చేరేసరికి ఆరు గంటలు దాటిపోయింది. లోపలికి వెళ్లాక గడ్డ కరిగించే మందు పడడానికి పట్టింది సుమారు 50 నిమిషాలే. అంటే ప్రాణం మీదికి తెచ్చింది ఎక్కువగా ఇల్లూ, దారీ. నెల తిరిగేలోగా పేదల్లో 8.2 శాతం, ఉన్నవాళ్లలో 5.5 శాతం చనిపోయారు. అందిన చికిత్సను లెక్కలోకి తీసుకుంటే ఆ తేడా మాయమైంది. పేదవాడి గుండె వేరు కాదు, అందిన వైద్యమే వేరు.

గడ్డ కరిగించే ఇంజెక్షనును ఇప్పుడు రాష్ట్రంలోని ప్రభుత్వాసుపత్రుల్లో ఉచితంగా ఇస్తున్నారు. కొని వేయించుకోవాలంటే వేలల్లో అవుతుంది. ముసలివాళ్లకు ఈ మందుతో మెదడులో రక్తస్రావం భయం ఎక్కువ. 'స్ట్రీమ్' పరిశోధనలో అది బయటపడి, 75 దాటినవాళ్లకు మధ్యలోనే మోతాదు సగానికి తగ్గించారు. వయసును చూసి మానేయలేదు, మోతాదు మార్చారు.

స్టెంట్ సంగతి వేరే. నాళం పూర్తిగా మూసుకుపోని రకం గుండెపోటు వచ్చిన 75 పైబడినవాళ్లు 1,518 మందిని బ్రిటన్‌లో నాలుగేళ్లకు పైగా గమనించారు. సగటు వయసు 82. 2024లో వచ్చిన ఈ 'సీనియర్ రీటా' ఫలితాల్లో, గుండెజబ్బుతో చనిపోయినవాళ్లనూ మళ్లీ పోటు వచ్చినవాళ్లనూ కలిపి చూస్తే మందులతోనే సరిపెట్టినవాళ్లలో 26.3 శాతం, యాంజియోగ్రామ్ తీసి అవసరమైతే స్టెంట్ వేసే దారిలో వెళ్లినవాళ్లలో 25.6 శాతం. దాదాపు సమానం. మళ్లీ పోటు రావడం మాత్రం రెండో దారిలో కొంత తగ్గింది. నాయనకు స్టెంట్ వేయించకపోతే ఊరు ఏమంటుందోనని అప్పు చేసే కొడుకులు మన దగ్గర తక్కువేం కాదు. "ఇది ఏ రకం పోటు, మందులతో ఆగొచ్చా?" అని డాక్టరును అడగడం నిర్లక్ష్యం కాదు.

"వయసైపోయింది, ఇంకా బీపీ మాత్రలెందుకు" అనే మాట మాత్రం తప్పు. ఎనభై దాటిన 3,845 మందితో చేసిన 'హైవెట్' పరిశోధన 2008లో దాన్ని తేల్చేసింది. మాత్ర వేసుకున్నవాళ్లలో మరణాలు 21 శాతం తగ్గాయి, గుండె వైఫల్యం 64 శాతం తగ్గింది.

తిరుమల కొండ దగ్గరా ఇదే నిర్లక్ష్యం. అలిపిరి నుంచి సుమారు 3,550 మెట్లు. అరవై దాటినవాళ్లు, బీపీ, షుగరు, గుండెజబ్బు ఉన్నవాళ్లు నడకదారిన రావద్దని తితిదేనే చెబుతోంది. మొక్కు మొక్కే, మాత్రలు మాత్రం ఇంట్లో మరిచి మెట్లెక్కేవాళ్లకు ఏం చెబుతాం?

చిత్తూరు వాళ్లకు వేలూరు ఆసుపత్రి అలవాటు, తిరుపతి వాళ్లకు స్విమ్స్ ఉంది. పెద్దాసుపత్రి ఎక్కడన్నది తర్వాత తేల్చుకోవచ్చు. ఇంట్లో పెద్దవాళ్లకు ఉన్నట్టుండి ఆయాసం వచ్చినా చెమటలు పట్టినా ముందు 108కి ఫోన్ చేయండి, దగ్గర్లో ఎక్కడైనా సరే ఈసీజీ తీయించండి. నొప్పి లేదు కదా అని తెల్లారేదాకా ఆగకండి.