నేర్చుకునే మెదడుకు వేళే కీలకం
అపోహలు – వాస్తవాలు

మన మెదడులో సుమారు 8,600 కోట్ల నాడీకణాలున్నాయి. ఒక కణం నుంచి మరో కణానికి సంకేతం దాటే చోటే సైనాప్స్. అనుభవాన్ని బట్టి అది బలపడుతుంది, బలహీనపడుతుంది. ఈ గుణమే సైనాప్టిక్ ప్లాస్టిసిటీ. సైనాప్స్ ఎప్పుడు మారాలో మెదడు లయలు, అంటే కణాలు కలిసి పుట్టించే విద్యుత్ అలలు, నిర్ణయిస్తాయి. మారిన సైనాప్స్‌లు తిరిగి ఆ లయలనే మారుస్తాయి. ఈ రెండువైపుల సంబంధం తెలియకపోతే చదువు, నిద్ర, మూర్ఛ విషయంలో పొరపాటు నమ్మకాలు పాతుకుపోతాయి.

అపోహ: మెదడు తరంగాలంటే బయటికి ప్రసారమయ్యే ఆలోచనలు.

వాస్తవం: మనిషి మెదడులోని విద్యుత్ లయలను చూపే ఈఈజీని తొలిసారి నమోదు చేసిన జర్మన్ వైద్యుడు హాన్స్ బెర్గర్‌ను ఈ దారి పట్టించింది కూడా టెలిపతీపై ఆసక్తే. 1924లో నమోదు చేసి, 1929లో ప్రచురించారు. అయితే ఆయనకు దొరికింది వేరు. కళ్లు మూసుకుని ఊరక కూర్చున్నవారి మెదడులో సెకనుకు దాదాపు 10 సార్లు లేచిపడే ఆల్ఫా లయ అది. అసంఖ్యాకమైన సైనాప్స్‌ల దగ్గర ఒకే సమయంలో పుట్టే విద్యుత్ ప్రవాహాల మొత్తాన్నే ఈఈజీ చూపుతుంది. తలపై చర్మం దగ్గర దాని బలం పదుల మైక్రోవోల్టులు మాత్రమే. అందులో ఎదుటివారి మెదడుకు చేరే సందేశమేమీ ఉండదు.

అపోహ: ఎంత ఎక్కువసార్లు వల్లె వేస్తే జ్ఞాపకం అంత గట్టిపడుతుంది.

వాస్తవం: కుందేళ్ల మెదడులో జ్ఞాపకాలకు కీలకమైన హిప్పోక్యాంపస్‌కు వెళ్లే నాడీమార్గాన్ని వేగంగా ప్రేరేపిస్తే అక్కడి సైనాప్స్‌లు గంటల తరబడి బలంగా ఉంటాయని 1973లో టిమ్ బ్లిస్, టెర్యే లోమో చూపారు. అయితే సంఖ్య ఒక్కటే చాలదు. ముందు సంకేతం పంపే కణం, ఆపై సుమారు 20 మిల్లీసెకన్లలోపు దాన్ని అందుకునే కణం స్పందిస్తే బంధం బలపడుతుంది. వరుస తిరగబడితే బలహీనపడుతుంది. 1998లో శాస్త్రవేత్తలు బీ, పూ చేసిన ప్రయోగాలు దీన్ని స్పష్టంగా చూపాయి. ఇందులో సంకేతం అందుకునే కణంపై ఉండే ఎన్‌ఎండీఏ గ్రాహకానిది ముఖ్యపాత్ర. సంకేతాన్ని మోసే గ్లూటమేట్ అనే రసాయనం అందాలి, అదే సమయంలో కణం ఉత్తేజితమై మెగ్నీషియం అడ్డు తొలగాలి. రెండూ కలిస్తేనే కాల్షియం లోపలికి వచ్చి మార్పు మొదలుపెడుతుంది. బలహీనపడటం కూడా నేర్చుకోవడంలో భాగమే. అన్నీ బలపడుతూ పోతే కొత్త విషయానికీ పాత విషయానికీ తేడా మిగలదు.

అపోహ: లయలు మెదడు పనిచేసేటప్పుడు వచ్చే రొద మాత్రమే.

వాస్తవం: హిప్పోక్యాంపస్‌లో సెకనుకు సుమారు 4 నుంచి 8 సార్లు సాగే థీటా లయను తీసుకోండి. 1995లో హువెర్టా, లిస్మన్ హిప్పోక్యాంపస్ ముక్కలపై పరిశీలించారు. థీటా శిఖరం మీదున్నప్పుడు ఇచ్చిన చిన్న విద్యుత్ ప్రేరణ సైనాప్స్‌ను బలపరిచింది. అదే ప్రేరణ అడుగున ఉన్నప్పుడు ఇస్తే, అంతకుముందు బలపడిన సైనాప్స్ బలహీనపడింది. ఊగే ఉయ్యాలను ఒక వేళ తోస్తే ఊపు పెరుగుతుంది, మరో వేళ అదే తోపు దాన్ని ఆపేస్తుంది. ఇక్కడ జరిగిందీ అదే. రెండోవైపు, సెకనుకు 30 నుంచి 80 సార్లు సాగే గామా లయ ఉత్తేజపరిచే కణాలకూ అణచే కణాలకూ మధ్య జరిగే ఇచ్చిపుచ్చుకోవడంలోంచి పుడుతుంది. వాటి మధ్య సైనాప్స్‌ల బలం మారితే లయా మారుతుంది. సంకేతాలు వెంటవెంటనే వస్తే కొన్ని సైనాప్స్‌లు మరింత బలంగా స్పందిస్తాయి, కొన్ని అలసిపోతాయి. ఏ వేగంతో వచ్చే సంకేతం ముందుకు సాగాలో అలా తేలుతుంది.

అపోహ: నిద్రలో మెదడు పని మానేస్తుంది.

వాస్తవం: గాఢనిద్రలో సెకనుకు ఒకటికంటే తక్కువ సార్లు కదిలే నెమ్మది అలలు వస్తాయి. వాటితోపాటు స్పిండిల్స్ అనే చిన్న లయలు, హిప్పోక్యాంపస్‌లో రిపుల్స్ అనే వేగవంతమైన లయలు కనిపిస్తాయి. తిరుగుతున్నప్పుడు ఎలుకల మెదడులో కలిసి స్పందించిన కణాలు, తర్వాతి నిద్రలోనూ కలిసి స్పందిస్తాయని 1994లో విల్సన్, మెక్‌నాటన్ కనుగొన్నారు. పగటి అనుభవం జ్ఞాపకంగా కుదురుకోవడానికి ఈ పునరావృతం తోడ్పడుతుంది. పరీక్షల ముందు రాత్రంతా మేలుకుని చదివే పిల్లలు కోల్పోయేది దీన్నే.

అపోహ: కణాలన్నీ ఒకే లయలో కలిస్తే మంచిది.

వాస్తవం: మితిమీరిన కలయికే మూర్ఛ. 1967లో గ్రాహం గొడ్డార్డ్ ఎలుకల మెదడుకు రోజూ కొద్దిపాటి విద్యుత్తు ఇచ్చారు. మొదట ఏమీ కాలేదు. రోజులు గడిచాక అదే విద్యుత్తుకు ఫిట్స్ వచ్చాయి. మెదడులో బంధాలు తప్పు దారిలోనూ బలపడగలవని దీన్నిబట్టి తెలుస్తుంది.

ఫిట్స్ వస్తే చేతిలో తాళాలగుత్తి పెట్టడం మన ఊళ్లలో ఇప్పటికీ ఉంది. చాలా ఫిట్స్ ఒకటి రెండు నిమిషాల్లో వాటంతటవే ఆగుతాయి. ఆ పేరు తాళాలకు దక్కుతోంది. మెదడులో సాగే ఆ విద్యుత్ తుపానును ఇనుము ఆపలేదు. మనిషిని పక్కకు తిప్పి పడుకోబెట్టండి, తల కింద మెత్తనిది పెట్టండి, నోట్లో ఏమీ పెట్టకండి. 5 నిమిషాలు దాటితే 108కి ఫోన్ చేయండి. సరైన చికిత్స అందితే మూర్ఛ ఉన్నవారిలో 70 శాతం వరకు ఫిట్స్ లేకుండా బతకగలరు. పెళ్లి సంబంధాలు పోతాయనో, నలుగురూ ఏమనుకుంటారోననో ఈ జబ్బును దాచకండి. వైద్యుల దగ్గరికి తీసుకెళ్లండి.