గోడకు బలైన ఆట – పీట్ రైజర్

క్రికెట్‌లో బౌండరీ దగ్గర క్యాచ్ పట్టే ఫీల్డర్లను మనమందరం చూశాం. అమెరికా వారి బేస్‌బాల్‌లో ఆ పని చేసేవారిని అవుట్‌ఫీల్డర్లు అంటారు. జట్టుకు ముగ్గురు ఉంటారు. తలమీదుగా పోయే బంతినే చూస్తూ మైదానం చివరికి పరుగెత్తాలి. అక్కడ తాడు ఉండదు, గోడ ఉంటుంది.

ఆ గోడ ఒక గొప్ప ఆటగాడిని ఎలా దెబ్బతీసిందో చెప్పుకుందాం. పీట్ రైజర్ 1919లో సెయింట్ లూయిస్‌లో పుట్టాడు. 1941లో బ్రూక్లిన్ డాడ్జర్స్ జట్టులో ఆడి, 22 ఏళ్లకే .343 సగటుతో నేషనల్ లీగ్‌లో ప్రథముడిగా నిలిచాడు. అంటే వెయ్యి అవకాశాల్లో 343 సార్లు హిట్ కొట్టిన లెక్క. 117 పరుగులతో అందులోనూ అతనే మొదటివాడు.

1942 జూలైలో సెయింట్ లూయిస్ మైదానంలోనే, బంతి వెంట పరుగెత్తి కాంక్రీటు గోడను ఢీకొన్నాడు. తలకు పెద్ద దెబ్బ తగిలింది. ఆ సీజన్ ఇక ఆడవద్దని డాక్టరు చెప్పినా కొద్దిరోజులకే మైదానంలో దిగాడు. .350 దగ్గరున్న సగటు సీజన్ చివరికి .310కి పడిపోయింది. డాడ్జర్స్ 104 మ్యాచ్‌లు గెలిచి కూడా, 106 గెలిచిన కార్డినల్స్ వెనుక రెండో స్థానంలో మిగిలింది.

సైన్యంలో పనిచేసి వచ్చాక, 1947లో బ్రూక్లిన్‌లోని ఎబెట్స్ ఫీల్డ్ గోడను మళ్లీ ఢీకొన్నాడు. బతకడేమోనని మతగురువుతో చివరి ప్రార్థన కూడా చేయించారు. ప్రాణం దక్కింది గాని పాత ఆట తిరిగి రాలేదు. 1952లో, 33 ఏళ్లకు, ఆట ముగిసింది.

1948లో ఎబెట్స్ ఫీల్డ్ గోడలకు రబ్బరు మెత్తలు అమర్చారు. నేడు పెద్ద మైదానాల్లో గోడకు ముందు గడ్డి లేని మట్టి బాట ఉంటుంది. కాలికింద గడ్డి పోయి మట్టి తగలగానే, పైకి చూస్తున్నవాడికి గోడ దగ్గరపడిందని తెలుస్తుంది. ఇంత చిన్న ఏర్పాటు ముందే ఉంటే!

రైజర్‌ను ధైర్యశాలి అని పొగుడుతారు. నిజమే. కానీ దెబ్బ మానకముందే ఆడటం ధైర్యం కాదని మా అభిప్రాయం. మన హాస్టళ్లలో జిల్లా సెలెక్షన్లకు ముందు మడమ వాచినా గుడ్డ కట్టుకుని కబడ్డీకి దిగే తమ్ముళ్లు ఉన్నారు. పేరు తీసేస్తారనే భయం వారిది. ఆ భయం మాకూ తెలుసు. అయినా చెబుతున్నాం: నొప్పి కూడా ఆ మట్టి బాట వంటిదే. అది తగిలినప్పుడు ఆగండి, వార్డెన్ గారికి చెప్పండి. వచ్చే ఏడాదీ సెలెక్షన్లు ఉంటాయి. మీ కాళ్లు, మీ తల కూడా అప్పటికి బాగుండాలి కదా!